విదేశాలకు పార్సిల్ పంపుతున్నారా? కర్పూరం, సెంటు సీసా, పవర్ బ్యాంక్.. పేరు దాచిపెడితే అసలు ముప్పు అక్కడే!

పండగొస్తే చాలు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు పార్సిల్ పంపడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, బట్టలు సర్దుతారు. ఆ సందుల్లోనే ఓ కర్పూరం ప్యాకెట్, ఓ సెంటు సీసా, పనికొస్తుందని ఓ పవర్ బ్యాంక్ కూడా దూరుస్తారు. కౌంటర్‌లో "ఏముందండీ ఇందులో?" అని అడిగితే జవాబు ఒక్కటే.. "ఇంటి సామాన్లే".

ఆవకాయతో వచ్చే చిక్కు మహా అయితే నూనె కారడమే. కానీ ఆ చివరి మూడూ అలా కాదు. అంతర్జాతీయ విమాన రవాణా నిబంధనల ప్రకారం అవి 'డేంజరస్ గూడ్స్', అంటే ప్రమాదకర సరుకు. వాటిని అసలు పంపకూడదని కాదు. ఉన్నాయని చెప్పకుండా పంపకూడదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

పూజ గదిలో వస్తువు ప్రమాదకరమా?

ప్రమాదకర సరుకును ప్రపంచమంతా 9 తరగతులుగా విడగొట్టారు. ఒక్కో వస్తువుకు ఐక్యరాజ్యసమితి నంబర్ ఉంటుంది. ఆ నంబర్ చూస్తే చాలు, భాష రాకపోయినా ఏ దేశంలోని సిబ్బందికైనా లోపల ఏముందో అర్థమైపోతుంది. మనం హారతికి వాడే సింథటిక్ కర్పూరానికి యూఎన్ 2717. తేలిగ్గా మండే ఘన పదార్థాల తరగతి, అంటే 4.1. హారతి పళ్లెంలో అగ్గిపుల్ల చూపించగానే ఎలా అంటుకుంటుందో మనకు తెలిసిందే కదా!

ఇంకో ఆశ్చర్యం ఎండు కొబ్బరి. ఇందులో నూనె ఎక్కువ. కుప్పగా పడి ఉంటే తనంతట తానే వేడెక్కే గుణం ఉంది. అందుకే యూఎన్ 1363 నంబర్‌తో 4.2 తరగతిలో పెట్టారు. మన విమానాశ్రయాల్లో చెక్-ఇన్ బ్యాగులోంచి ఎండు కొబ్బరి ఎందుకు తీసేయిస్తారో ఇప్పుడు అర్థమైందా? సిబ్బంది చాదస్తం కాదది.

సెంటు సంగతికొస్తే యూఎన్ 1266. సీసాలో ఎక్కువ భాగం ఆల్కహాలే. స్వచ్ఛమైన ఇథైల్ ఆల్కహాల్ 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన చలికాలం రాత్రి ఉష్ణోగ్రత అంతే. నెయిల్ పాలిష్‌దీ ఇదే కోవ. డియోడరెంట్ స్ప్రే అయితే ఒత్తిడితో నింపిన గ్యాస్ డబ్బా, యూఎన్ 1950.

సూట్‌కేసులో ఓకే.. పార్సిల్‌లో ఎందుకు వద్దు?

చాలామందికి వచ్చే డౌట్ ఇదే. ప్రయాణికుడు తన సామానులో సెంటు, స్ప్రే లాంటివి ఒక్కోటి అర లీటరు లేదా అర కిలో మించకుండా, అన్నీ కలిపి 2 లీటర్లు లేదా 2 కిలోల లోపు తీసుకెళ్లొచ్చు. మరి అదే సీసాను పోస్టులో వేస్తే తిప్పి పంపేస్తారు. ఎందుకంటే ప్రయాణికుడి దగ్గర ఉండేది సొంత వాడకానికి కొంచెమే. పార్సిళ్ల సంగతి అలా కాదు. ఎవరెవరో పంపిన వందల పెట్టెలు ఒకే కంటైనర్‌లో పక్కపక్కనే పడతాయి. మీ సీసా కారితే దాని పక్కన ఏముందో మీకూ తెలియదు, లోడింగ్ చేసేవాళ్లకూ తెలియదు.

పవర్ బ్యాంక్ విషయంలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. చేతి బ్యాగులో పెట్టుకోవచ్చు. చెక్-ఇన్ లగేజీలో మాత్రం వేయకూడదు. క్యాబిన్‌లో పొగొస్తే ఎవరో ఒకరు చూస్తారు, నీళ్లు పోసి చల్లారుస్తారు. కింద సరుకు గదిలో అయితే ఎవరు చూస్తారు? పైగా అక్కడుండే హాలాన్ గ్యాస్ మంటను అణచగలదు కానీ, లిథియం బ్యాటరీ లోపల ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కు పాకే వేడిని ఆపలేదు.

ఎంత సైజు వరకు ఓకే? 100 వాట్ అవర్ల వరకు ఇబ్బంది లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. లెక్క సులువే. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగించాలి. 20,000 ఎంఏహెచ్ అయితే 74. అదే 30,000 అయితే 111, అంటే అడగాల్సిందే.

పార్సిల్‌గా పంపాలంటే మాత్రం పవర్ బ్యాంకును 'పరికరం' అనుకోవద్దు. నిబంధనల్లో అది ఉత్త బ్యాటరీ, యూఎన్ 3480. 2016 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడం నిషేధం. సరుకు విమానంలో పంపినా 30 శాతానికి మించి చార్జింగ్ ఉండకూడదు.

కాగితంపై ఒక్క మాట.. 110 ప్రాణాలు

1996 మే 11. మయామీ నుంచి అట్లాంటాకు బయల్దేరిన వాల్యూజెట్ 592 విమానం పది నిమిషాలకే ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కూలిపోయింది. లోపలున్న 110 మందీ చనిపోయారు. సరుకు గదిలో ఉన్నవి వేరే విమానాల నుంచి తీసేసిన పాత ఆక్సిజన్ జనరేటర్లు. రసాయన చర్యతో ఆక్సిజన్ పుట్టించే డబ్బాలివి. పని మొదలైతే విపరీతంగా వేడెక్కుతాయి. వాటికి పెట్టాల్సిన సేఫ్టీ క్యాపులు పెట్టలేదు. రవాణా కాగితంలో ఏమని రాశారో తెలుసా? 'ఖాళీ' అని. నిజానికి అవి ఖాళీ కాదు. ఆ మాట చూసి మామూలు సరుకులాగే ఎక్కించేశారు.

2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. జర్మనీలోని కొలోన్‌కు బయల్దేరిన యూపీఎస్ సరుకు విమానంలో, టేకాఫ్ అయిన 20 నిమిషాలు దాటాక మంటలు లేచాయి. కాక్‌పిట్ నిండా పొగ. వెనక్కి తిరిగి దిగే ప్రయత్నంలో విమానం కూలి ఇద్దరు పైలట్లూ మరణించారు. ప్రమాదకర సరుకుగా ప్రకటించాల్సిన లిథియం బ్యాటరీలు కనీసం మూడు కన్‌సైన్‌మెంట్లలో అలా ప్రకటించకుండానే ఎక్కాయని దర్యాప్తులో తేలింది.

మరి షాపుల్లోకి విదేశీ సెంట్లు ఎలా వస్తున్నాయి? చెప్పి పంపుతున్నారు కాబట్టి వస్తున్నాయి. శిక్షణ పొందిన సిబ్బంది ప్యాక్ చేస్తారు, నంబర్ వేస్తారు, లేబుల్ అంటిస్తారు, డిక్లరేషన్ ఇస్తారు. ఓడలో చిన్న సీసాలు వెళ్లే అట్టపెట్టెలపై పైనా కిందా నల్లగా, మధ్యలో తెల్లగా డైమండ్ గుర్తు ఉంటుంది. 'పరిమిత పరిమాణం' అని దానర్థం. ఇదంతా కంపెనీలకు సాధ్యమే. ఇంటి నుంచి ఒక్క సీసా పంపేవాళ్లకు ఖర్చు సీసా ధరను దాటిపోతుంది. అంతకన్నా అక్కడి ఇండియన్ స్టోర్‌లో కర్పూరం కొనుక్కోమనడమే నయం.

అయినా పంపాలనుకుంటే సర్దకముందే కౌంటర్‌లో అడగండి. ఫారంలో 'గిఫ్ట్', 'హౌస్‌హోల్డ్' అని రాసేసి ఊరుకోకుండా ప్రతి వస్తువు పేరూ రాయండి. ఏజెంట్ "నేను చూసుకుంటాలెండి" అన్నా వినొద్దు. పంపినవారిగా సంతకం మీదే, ఆయనది కాదు. ఎక్స్‌రేలో దొరికితే పార్సిల్ పోతుంది, అది చిన్న నష్టం. విమానాల్లో ప్రమాదకర సరుకు రూల్స్ ఉల్లంఘిస్తే మన చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

ఇక బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను రిపేర్ కోసం విదేశానికి పంపే ఆలోచన ఉంటే పూర్తిగా మానుకోండి. పాడైన, వేడెక్కే ప్రమాదమున్న లిథియం బ్యాటరీలను విమానంలో తీసుకోరు. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోతున్నాయని వెనక్కి పిలిచినప్పుడు, అమెరికాలో కస్టమర్లకు శాంసంగ్ వేడి తట్టుకునే ప్రత్యేక పెట్టెలు పంపింది. అవి కూడా రోడ్డు మార్గంలోనే వెనక్కి వెళ్లాయి.