జత గాజులు



మా సంఘములోని ఒక కుటుంబము పెళ్ళి గాజుల కోసం హైదరాబాదు వెళుతూ మమ్మల్ని కూడా తోడు రమ్మన్నారు. చార్మినారు ప్రక్కన లాడ్ బజారులో ఒక దుకాణము వద్ద ఆగాము. బొగ్గుల మీద లక్కను మెత్తబరచి, గాజుగా వంచి, వేడి ఆరకముందే రాళ్ళు పొదుగుతున్నారు.

పెళ్ళికూతురి వదిన మాత్రము గడప దగ్గరే నిలిచింది. చంకలో మూడేళ్ళ బాబు. వాడికి తలసీమియా, నెలనెలా రక్తము ఎక్కించాలి. ఆమె గాజులు ముట్టబోగా అత్తగారు, "నువ్వు తాకకు. నీ కడుపున పుట్టిన రోగం చాలు" అన్నది. ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకొన్నది.

ఆ కోడలు పరాయిది కాదు, అత్తగారి సొంత అన్న కూతురే. ఇప్పుడు కుండమార్పిడిగా తమ అమ్మాయిని ఆ అన్న కొడుకుకే ఇస్తున్నారు.

"డాక్టరు గారు ఏమి చెప్పారమ్మా?" అని అడిగాము.

"ఏదో జీన్సు అన్నాడు అయ్యగారూ. ప్యాంటు సంగతి మనకెందుకనుకున్నాను."

నవ్వు వచ్చినా, ఆ మాట అర్థము చెప్పక తప్పలేదు. డెన్మార్కు వృక్షశాస్త్రవేత్త యోహాన్సెన్ 1909లో "జీన్" అనే మాటను వాడుకలోనికి తెచ్చాడు. అంతకు ముందున్న "పాంజీన్" అనే మాటలోని చివరి ముక్కనే ఆయన తీసుకొన్నాడు. దాని మూలము పుట్టుకను, వంశమును తెలిపే గ్రీకు మాట. ఆదికాండమునకు ఇంగ్లీషులో ఉన్న "జెనెసిస్" అనే పేరు కూడా ఆ కుదురులోనిదే. మన జన్మ, జననము, జన్యువు అనే మాటలు దానికి చుట్టాలే. మాట పుట్టక ముందే, 1865లో, మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి మఠపు తోటలో బఠాణీలు పెంచి ఈ సంగతి కనుగొన్నాడు. లోకము 1900 వరకు దానిని పట్టించుకోలేదు.

మేము రెండు గాజులు చేతిలోనికి తీసుకొన్నాము. "అమ్మా, జన్యువులు ఇలా జతగా ఉంటాయి. ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. ఈ జబ్బులో ఒకటి లోపముగలదైనా రెండవది బాగుంటే మనిషి ఆరోగ్యముగానే ఉంటాడు. తనలో లోపమున్నట్టు తనకే తెలియదు. అటువంటి ఇద్దరికి పెళ్ళయితే, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండూ లోపముగలవే రావచ్చు. రక్తసంబంధములో ఒకే లోపము ఇద్దరిలోను ఉండే అవకాశము ఎక్కువ. నీ మనుమడికి ఒకటి నీ కోడలు ఇచ్చింది, ఒకటి నీ కొడుకు ఇచ్చాడు."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

పుట్టుగ్రుడ్డివాని విషయములో ఎవరు పాపము చేశారని శిష్యులడిగితే, ప్రభువు వానిమీద గాని, వాని తల్లిదండ్రులమీద గాని నేరము మోపలేదు. మనము కోడలిమీద ఎట్లా మోపగలము?

ఆ వారమే అమ్మాయికి, అబ్బాయికి రక్తపరీక్ష చేయించారు. అమ్మాయిలో లోపమున్నది, అబ్బాయిలో లేదు. గనుక వారి బిడ్డలకు ఆ జబ్బు భయము లేదని డాక్టరు చెప్పిన తరువాతనే గుడిలో వివాహ ప్రకటన చదివాము. ఇద్దరిలోను ఉండి ఉంటే? ఆ మాట పెళ్ళికి ముందే తెలియడము మేలు గదా!

తలసీమియా బిడ్డలకోసం హైదరాబాదులో 1998 నుండి ఒక సొసైటీ పనిచేస్తున్నది. మేనరికము తలపెట్టిన తల్లిదండ్రులారా, ముహూర్తమునకు ముందు ఈ పరీక్ష చేయించండి.

పెళ్ళినాడు అత్తగారే కోడలిని పిలిచి, పెళ్ళికూతురి చేతికి మొదటి గాజు ఆమెచేతనే తొడిగించింది.