మన యింటి మోటారులు

గత వేసవిలో మా పొరుగున నున్న యొక సోదరి గ్రైండరు నిలిచిపోయినది. ఆమె ఇడ్లీపిండి రుబ్బి వీథివారికి విక్రయించి ఇరువురు బిడ్డలను చదివించుకొనుచున్నది. మీట నొక్కిన మోటారు మూల్గుటయే గాని రాయి కదలదు. మరమ్మతుకు వచ్చిన వాడొకడు తీగచుట్ట కాలినదనియు, మరల చుట్టించుటకు మూడువేలగుననియు చెప్పి పోయినాడు. ఆమె అప్పునకై మా యింటికి వచ్చినది. మేము వేరొక పనివానిని పిలిపించితిమి. అతడు కండెన్సరు మార్చగనే రాయి తిరిగినది, ఖర్చు రెండువందలు!

నాటినుండి మన యింట తిరుగు మోటారుల జాతులను తెలిసికొనవలెనని మాకు పట్టుదల కలిగినది.

గ్రైండరు, నీళ్ల పంపు, పాతతరపు పంకా ఒకే జాతివి. వీనిని ఇండక్షను మోటారులందురు. నికోలా టెస్లా 1888లో అమెరికాలో పేటెంటు పొందినది ఈ జాతికే. దీని తిరుగుభాగమునకు బయటినుండి తీగ యేదియు తగులదు. కదలక యుండు తీగచుట్టలలో పుట్టిన అయస్కాంతబలము గిరగిర తిరుగుచు దీనిని వెంటబెట్టుకొని పోవును. అయితే మన యిండ్లకు వచ్చు సింగిల్ ఫేజు విద్యుత్తు ఆ బలమును తనంతట త్రిప్పజాలదు. రెండవ చుట్టకు కండెన్సరు తోడైననే మొదటి కదలిక పుట్టును. కావుననే మూల్గియు తిరుగని మోటారును చూచినపుడు మొదట కండెన్సరును అనుమానింపవలెను. బేరింగు పట్టివేసినను ఇట్లే యగును. ఏదైనను వెంటనే మీట తీసివేయుడు; మూల్గుచుండ విడిచినచో చుట్ట నిజముగానే కాలును. కండెన్సరును మాత్రము చేత ముట్టరాదు. ప్లగ్గు తీసిన పిదపకూడ దానిలో విద్యుత్తు నిలిచియుండవచ్చును.

మోటారుపై రేకు నొకదానిని బిగింతురు. దానిమీద 1440 అని యున్నచో నిమిషమునకు అన్ని చుట్లు. మన 50 సైకిళ్ల విద్యుత్తునకు నాలుగు ధ్రువముల మోటారులో అయస్కాంతబలము 1500 చుట్లు తిరుగును. మోటారు కొంచెము వెనుకబడును. ఆ వెనుకబాటు లేనిచో దానికి బలమే పుట్టదు.

మిక్సీ జాతి వేరు. దాని కేక విన్నంతనే గుర్తింపవచ్చును! కుట్టుమిషను మోటారును ఇట్టిదే. దీనిలో రెండు కార్బను బ్రష్షులు తిరుగుచున్న రాగిపలకలకు ఒరసికొనుచుండును. గాలిరంధ్రములలో కనబడు నీలి మిణుగురులు అవియే. వేగము వేలకొలది చుట్లు. కావుననే త్వరగా వేడెక్కును. మిక్సీ హఠాత్తుగా ఆగినచో ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, అడుగుననున్న చిన్న ఎఱ్ఱమీటను నొక్కి చూడుడు. అప్పటికిని తిరుగనిచో బ్రష్షులు అరిగియుండవచ్చును. క్రొత్త మిక్సీ కొనుమని తొందరపెట్టు వారిని మొదట ఆ బ్రష్షులను చూపుమని అడుగుట మేలు.

రిమోటుతో నడచు క్రొత్త పంకాలలో శాశ్వతాయస్కాంతములును ఎలక్ట్రానిక్ పలకయు నుండును. పాత పంకా 75 వాట్లు తీసికొనుచోట ఇది సుమారు 30తో సరిపెట్టుకొనును. పాత రెగ్యులేటరుకు దీనిని తగిలింపరాదు.

మా పొరుగు సోదరి ఆ చెడిన కండెన్సరును పారవేయలేదు. దానిమీది అంకెలను పిండిలెక్కల పుస్తకమున వ్రాసికొని, దానిని అలమరలో దాచినది. మరల కొనవలసి వచ్చినపుడు సరిగా అదే కొలతది అడుగుటకట.