నొక్కితే పూసే కాగితం

క్రిస్మస్‌ విందు బల్ల మీద ఓ తెల్లటి కార్డు. రంగుల్లేవు, సిరా లేదు, తళుకుబెళుకులు అసలే లేవు. వేలితో తడిమితే మాత్రం ఓ నక్షత్రం తగులుతుంది. దాని కింద ఓ పేరు. ఎండిపోయిన బాల్‌పెన్ను, పాత ఎక్స్‌రే ఫిల్ము, కిటికీ అద్దం... ఇవి ఉంటే చాలు, ఎవరైనా చేసుకోగలిగే అలంకరణ ఇది. దీని వెనక వందేళ్లు దాటిన కథ కూడా ఉంది!

డిసెంబరు 24 రాత్రి. గుమ్మం ముందు కాగితపు నక్షత్రం వెలుగుతోంది. ఓవెన్లోంచి తీసిన కేకు చల్లారుతోంది. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి పన్నెండు మంది. ఎవరెక్కడ కూర్చోవాలి?

మన ఇళ్లలో ఈ ప్రశ్న పెద్దగా రాదు. ముందు పిల్లలకు పెట్టేస్తారు. తర్వాత చుట్టాలు, ఇంట్లో మగవాళ్లు. వడ్డించినవాళ్లు అందరి తర్వాత, మిగిలినదేదో చూసుకుని తింటారు. పాశ్చాత్య దేశాల్లో క్రిస్మస్‌ విందు తీరు వేరు. అందరూ ఒకేసారి, ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఎవరి చోటు ఎక్కడో తెలియడానికి ఒక్కో పళ్లెం దగ్గర పేరు రాసిన చిన్న కార్డు పెట్టడం అక్కడ చాలా ఇళ్లలో ఆనవాయితీ. దాన్నే ప్లేస్‌ కార్డు అంటారు. ఆ పేరును సిరాతో రాయకుండా కాగితంలోంచే పైకి ఉబికేలా చేస్తే... అదే ఎంబాసింగ్‌.

పేరు కొత్తగా అనిపించినా పని మనకు కొత్తది కాదు. శుభలేఖ మీద ఉబ్బెత్తుగా కనిపించే వినాయకుడు ఎంబాసింగ్‌తో వచ్చినవాడే. హైదరాబాద్‌ నుంచి వరంగల్‌ వెళ్లే దారిలో ఉన్న పెంబర్తిలో లోహపు రేకును లక్క మీద పరిచి, ఉలితో సుత్తితో సుతారంగా కొట్టి బొమ్మల్ని పైకి తేలుస్తారు. ఒకవైపు నొక్కితే రెండోవైపు పొంగుతుంది. సూత్రం అంతే. అక్కడ రేకు, ఇక్కడ కాగితం.

డ్రెస్డెన్‌ ముచ్చట

పండక్కి ఉబ్బెత్తు కాగితం బొమ్మలు చేయడంలో ఒకప్పుడు జర్మనీ వాళ్లది అందె వేసిన చేయి. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో డ్రెస్డెన్‌, లైప్‌జిగ్‌ నగరాల్లో ఈ పని జోరుగా సాగింది. అట్టను తడిపి, ఒకటి గుంటగా, మరొకటి ఉబ్బెత్తుగా ఉన్న రెండు లోహపు అచ్చుల మధ్య పెట్టి యంత్రంతో గట్టిగా నొక్కేవారు. అలా ఒక్కో బొమ్మ రెండు సగాలుగా వచ్చేది. ఆ సగాలు అక్కణ్నుంచి కూలి పనికి ఇళ్లకు చేరేవి. అంచులు కత్తిరించడం, రెండు సగాలనూ అతికించడం లాంటి సున్నితమైన పనంతా ఇళ్లలోనే. చేపలు, ఒంటెలు, నెలవంకలు, ఓడలు, రైలింజన్లు... ఒక్కటేమిటి! బంగారు, వెండి రంగుల్లో మెరిసిపోతూ చూడ్డానికి లోహంతో చేసినట్టే ఉండేవి. పట్టుకుంటే అట్ట. కొన్నింటి లోపల మిఠాయి దాచే చోటు కూడా ఉండేది.

చాలావరకు ఇవి రెండు మూడు అంగుళాలకు మించవు. అప్పట్లో చాలా ఇళ్లలో క్రిస్మస్‌ చెట్టు కూడా చిన్నదే మరి. నేల మీద కాదు, బల్ల మీద పెట్టేవారు. 1848లో లండన్‌ పత్రిక ఒకటి విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్‌ చెట్టు చుట్టూ నిలబడిన చిత్రాన్ని అచ్చువేసింది. ఆ చెట్టు ఉన్నదీ బల్ల మీదే.

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యాక ఈ వైభవం చెదిరిపోయింది. కాగితం కదా... చెమ్మకు మెత్తబడినవి కొన్ని, చిరిగితే పారేసినవి కొన్ని. మిగిలినవాటిని 'డ్రెస్డెన్‌'లనే పేరుతో పాత వస్తువులు సేకరించేవాళ్లు వెతికి వెతికి కొంటారు. అరుదైన బొమ్మ వందల డాలర్లు పలుకుతుంది. కాకపోతే ఆ సగాలను కూర్చుని అతికించిన చేతులెవరివో ఏ బొమ్మ మీదా రాసి ఉండదు.

ఇప్పుడు ఇంట్లో వాడుకునే చిన్న రోలర్‌ యంత్రాలు వచ్చాయి. కాగితాన్ని ప్లాస్టిక్‌ అచ్చులో పెట్టి పిడి తిప్పితే క్షణాల్లో పువ్వులు వచ్చేస్తాయి. వంద కార్డుల మీద వంద పువ్వులు, అన్నీ ఒకేలా. పేర్లు మాత్రం అలా ఒకేలా ఉండవుగా! అందుకే పేరు దగ్గరికొచ్చేసరికి చేత్తో చేయడమే తేలిక.

ఇదిగో ఇలా...

కాగితం: మరీ పల్చనిది చిరుగుతుంది, మరీ మందమైనది లొంగదు. జిరాక్స్‌ కాగితం సాధారణంగా 70 నుంచి 80 జీఎస్‌ఎం ఉంటుంది. ఈ పనికి 120 నుంచి 200 జీఎస్‌ఎం మధ్యలో ఉన్నది తీసుకోవాలి. తెలుపు, మీగడ రంగు లాంటి లేతవే మంచివి. ఉబ్బెత్తు బొమ్మను చూపించేది రంగు కాదు, నీడ. ముదురు కాగితం మీద ఆ నీడ కనిపించదు.

పనిముట్టు: కొన గుండ్రంగా ఉండే స్టైలస్‌లు క్రాఫ్ట్‌ దుకాణాల్లో దొరుకుతాయి. లేకపోతే సిరా అయిపోయిన బాల్‌పెన్ను, మొద్దు కొన ఉన్న అల్లిక సూది చాలు. కొన వాడిగా మాత్రం ఉండకూడదు.

స్టెన్సిల్‌: పాత ఎక్స్‌రే ఫిల్ము మీద నక్షత్రమో గంటో ఆకో గీసి బ్లేడుతో కత్తిరించాలి. కట్‌ చేసిన మూలల్ని కాస్త గుండ్రంగా మలచాలి. మూల ఎంత సూటిగా ఉంటే కాగితం అక్కడ అంత తొందరగా చిరుగుతుంది.

వెలుతురు: పగలైతే కిటికీ అద్దం. రాత్రయితే గాజు టీపాయ్‌ కింద సెల్‌ఫోన్‌ లైటు.

ఇక పనిలోకి దిగొచ్చు. స్టెన్సిల్‌ను అద్దం మీద టేపుతో అంటించాలి. దాని మీద కార్డును బోర్లా పరవాలి... అంటే ముఖం అద్దం వైపు, వీపు మనవైపు. కింది వెలుతురుకి బొమ్మ అంచులు కాగితంలోంచి కనిపిస్తాయి. కార్డు వీపు మీద కొవ్వొత్తిని ఒక్కసారి పైపైన రుద్దితే కొన జారుతూ సాఫీగా నడుస్తుంది. మొదటిసారి అంచుల వెంట మెల్లగా, రెండోసారి కొంచెం గట్టిగా, మూడోసారి ఇంకాస్త. మధ్యభాగాన్ని రుద్దక్కర్లేదు. అంచు పడితే చాలు, మధ్యది దానంతటదే పైకి లేస్తుంది. కార్డు తీసి తిప్పి చూస్తే నక్షత్రం సిద్ధం!

కొత్తవాళ్లు చేసే పొరపాట్లు రెండే. తొందరపడి మొదటిసారే బలమంతా పెట్టడం ఒకటి. టేపును గట్టిగా అంటించి, పీకేటప్పుడు కాగితం పొరను కూడా లేపేయడం రెండోది. టేపును ముందు ఓసారి చీర కొంగుకో తువ్వాలుకో అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది. అప్పుడు కార్డుకు వాడుకోవచ్చు.

నాలుగంగుళాల చదరపు ముక్కను మధ్యకు మడిస్తే బల్ల మీద గుడారంలా నిలబడే పేరు కార్డు అవుతుంది. మడత గీతను కూడా అదే పెన్నుతో, స్కేలు ఆన్చి గీసుకుంటే మడత నలగకుండా వస్తుంది. ఆరంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు ఉన్న పట్టీ మీద వరసగా ఆకులు నొక్కి చివర్లు అతికిస్తే చేతిరుమాలు చుట్టే ఉంగరం సిద్ధం. మిగిలిన ముక్కల్లో నక్షత్రాలు కత్తిరించి బల్ల మధ్యలో పరవచ్చు. వేడి గిన్నెలకు దూరంగా పెట్టాలి. ఆవిరి తగిలితే కాగితం మెత్తబడి బొమ్మ అణిగిపోతుంది. కొవ్వొత్తుల పక్కనైతే అసలే వద్దు, బ్యాటరీ దీపాలు మేలు.

నీటితో మరో మాయ

డ్రెస్డెన్‌ వాళ్లు అట్టను తడిపింది ఊరికే కాదు. కాగితమంటే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న పీచుల అల్లిక. తడి తగిలితే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు నొక్కితే పీచులు పక్కకు జరిగి సర్దుకుంటాయి. ఆరాక ఆ కొత్త చోటులోనే మళ్లీ పట్టుకుంటాయి. పీచు ఎంత పొడవుగా ఉంటే కాగితం అంతగా సాగుతుంది, తొందరగా పగలదు. నూలు గుడ్డ పీలికలతో చేసే చేతి కాగితం ఈ పనికి బాగా నప్పేది అందుకే. జైపూర్‌ దగ్గరి సాంగనేర్‌ అలాంటి కాగితానికి పెట్టింది పేరు.

ఆ కాగితాన్ని కాసేపు నీళ్లలో ఉంచి తీసి, తువ్వాళ్ల మధ్య అద్దాలి. నీళ్లు కారకూడదు, చేతికి చల్లగా తగలాలి. పెడన కలంకారీలో వాడేలాంటి చెక్క అచ్చు ఒకటుంటే దాన్ని శుభ్రంగా తుడిచి, రంగు వేయకుండా, దాని మీద ఈ కాగితాన్ని పరవాలి. గుడ్డ ఉండతో నెమ్మదిగా అద్దుతూ కాగితాన్ని చెక్కడం సందుల్లోకి దించాలి. అలాగే ఆరనిచ్చి తీస్తే తీగలు, మొగ్గలు తెల్లగా పైకి లేచి ఉంటాయి. అచ్చు లేకపోతే గట్టి లేసు ముక్క, ఈనెలు తేలిన ఆకు కూడా పనికొస్తాయి.

గుండ్రటి అక్షరాల అదృష్టం

పేరు నొక్కేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పని జరిగేది వెనకవైపు నుంచి కాబట్టి అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి ఉండాలి. కాగితం మీద పేరు రాసి, కిటికీకి ఆన్చి వెనకనుంచి చూస్తే తిరగేసిన రూపు తెలిసిపోతుంది. ఆ గీతల్నే కార్డు వీపు మీద పెన్సిల్‌తో లేతగా దించుకుని, కింద మడిచిన తువ్వాలు వేసి నొక్కితే స్టెన్సిల్‌ కూడా అక్కర్లేదు.

ఇక్కడే తెలుగువాళ్లకో అదృష్టం. ఘంటంతో తాటాకు మీద సూటి గీతలు గీస్తే ఆకు చీలుతుందనీ, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయనీ అంటారు. కాగితానికీ సూటి మూలలంటే పడదు. 'అ' నుంచి 'ఱ' దాకా ఒంపులే ఉన్న మన లిపిలో పెన్ను ఎక్కడా ఆగకుండా తిరిగిపోతుంది. రవి, సరళ, మేరీ... ఏ పేరైనా సరే!

వేళ్లతో చదివే పేరు

ఈ కార్డు విలువ అందరికంటే బాగా తెలిసేది చూపులేని అతిథికి. సిరాతో ఎంత అందంగా రాసినా, ఆ పేరు ఉన్నవారే దాన్ని చదవలేకపోతే ఏం లాభం?

నిజానికి అంధుల చదువు మొదలైందే ఉబ్బెత్తు కాగితంతో. 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో వాలెంతిన్‌ హవీ తడి కాగితాన్ని అక్షరాల అచ్చు మీద నొక్కి, వేళ్లతో తడిమి చదివే పుస్తకాలు తయారుచేయించారు. అవి పెద్దవి, బరువైనవి. చదవడానికి చాలాసేపు పట్టేది. ఆ పాఠశాలలోనే చదివిన లూయీ బ్రెయిలీ 1824లో, పదిహేనేళ్ల వయసులో ఆరు చుక్కల లిపిని రూపొందించాడు. తోలు పనిచేసే తండ్రి దుకాణంలో మొనదేలిన పనిముట్టు గుచ్చుకుని చిన్నప్పుడే చూపు పోగొట్టుకున్న పిల్లాడతను. మళ్లీ అలాంటి మొనతోనే కాగితం మీద అక్షరాలు పూయించాడు. భారతీయ భాషలన్నింటికీ కలిపి 1951లో భారతి బ్రెయిలీ వచ్చింది. తెలుగుకీ అదే వాడుతున్నారు.

బ్రెయిలీ రాసే తీరూ ఎంబాసింగే. పలకలో కాగితం బిగించి, వెనకనుంచి, కుడి నుంచి ఎడమకు చుక్కలు గుచ్చుతారు. తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. చుక్కల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే కాబట్టి అందాజాగా పెన్నుతో పెట్టేస్తే చదవడం కుదరదు. బ్రెయిలీ తెలిసినవారితో, పలక మీదే రాయించుకోవాలి.

ముదిమిలో చూపు తగ్గిన తాతయ్యకో అమ్మమ్మకో బ్రెయిలీ వచ్చి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు వారికంటూ ఓ గుర్తు ఎంచుకోవచ్చు. తాతయ్యకు చేప, అమ్మమ్మకు గంట. రెండంగుళాల పెద్ద బొమ్మను గట్టిగా నొక్కి కార్డు చేసిపెడితే, 'నీ చోటు ఇది తాతయ్యా' అని ఎవరూ చెయ్యిపట్టి చూపించక్కర్లేదు. వేలితో తడిమి ఆయనే కూర్చుంటారు.

బల్ల మీది పూలు సాయంత్రానికి వాడిపోతాయి. కేకు అంతకంటే ముందే అయిపోతుంది. నొక్కిన కాగితం మాత్రం అలాగే ఉంటుంది. రబ్బరుతో చెరిపితే పోయే గీత కాదది. విందయ్యాక ఎవరి పేరు వాళ్లు జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లొచ్చు.

పడుకునే ముందు ఓసారి కార్డులు లెక్కపెట్టి చూసుకోండి. వచ్చేవాళ్లు పన్నెండు మంది, కార్డులు పన్నెండు. లెక్క సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఒకటి తక్కువే ఉంటుంది. పొద్దుటి నుంచీ వంటింట్లో నిలబడి, అందరికీ వడ్డించి, చివర్న తినే ఆవిడది. పెట్టెలో ఇంకో తెల్ల కార్డు ఉండే ఉంటుంది. కిటికీకి అంటించండి, ఆవిడ పేరు నొక్కండి. రేపు ఆ కార్డు ముందు కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరూ తినడం మొదలుపెట్టకండి.