కడుపు నిండిన చాలదు, ఒంటికి పట్టవలెను

చేనుకు నత్రజని, భాస్వరము, పొటాషు మూడును కావలెనని రైతులకు తెలియును. నత్రజని ఒక్కటే వేసిన పైరు ఏపుగా పెరుగును గాని గింజ గట్టిపడదు. మనిషి శరీరమును అంతే. ఉత్త అన్నముతో కడుపు నిండును, బలము రాదు.

పాల్వంచ చుట్టుపట్ల కోయ గూడెములలో పూర్వము జొన్నజావ, అడవి ఆకుకూరలు, దుంపలు, ఇప్పపువ్వు, తునికిపండ్లు తినెడివారు. 1983లో రాష్ట్రమున కిలో 2 రూపాయల బియ్యము వచ్చినది. అది పేదల ఆకలి తీర్చిన మేలు. అయితే కంచములో అన్నము పెరిగి, పప్పు, కూర తగ్గిన ఇంట పిల్లల ఎదుగుదల, తల్లుల రక్తము తగ్గును.

ఏది ఎందులకు?

బియ్యము, జొన్న, మొక్కజొన్నలలోని పిండి పదార్థములు, నూనెలలోని క్రొవ్వు పని చేయుటకు శక్తినిచ్చును. మాంసకృత్తులు కండను పెంచును; 100 గ్రాముల కందిపప్పులో ఇవి సుమారు 22 గ్రాములు గలవు. గ్రుడ్లు, చేపలు, పాలు కూడ ఇందులకు మేలైనవి.

సున్నము ఎముకలకు బలము. 100 గ్రాముల రాగులలో ఇది సుమారు 350 మిల్లీగ్రాములుండగా, పాలిష్ బియ్యములో 10కి మించదు. ఇనుము రక్తమునకు అవసరము. భోజనముతో ఉసిరికాయ గాని నిమ్మరసము గాని తీసుకొనిన, అందలి సి విటమిను వలన ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనము కాగానే టీ త్రాగిన ఆ మేలు తగ్గును.

ఎ విటమిను లోపించిన పిల్లలకు రేచీకటి వచ్చును. ముదిరిన చూపే పోవును. మునగాకు, తోటకూర, బొప్పాయి దీనికి విరుగుడు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారైన ఫోలిక్ ఆమ్లము ఒక విధమగు రక్తహీనతను మాన్పును. ఇది గర్భిణులకు మిక్కిలి అవసరము. ఆకుకూరలలోను, పప్పులలోను ఇది సహజముగనే లభించును.

వంటలో జాగ్రత్తలు

1. బియ్యమును పలుమార్లు కడుగరాదు, గంజి పారబోయరాదు. బి విటమినులు నీటితో పోవును.
2. ఆకుకూరను కడిగిన పిమ్మటనే తరుగవలెను. మూతపెట్టి, కొద్ది నీటితో ఉడికించవలెను.
3. కూరలో కొంచెము నూనె వేయవలెను. నూనె లేనిదే ఆకులోని ఎ విటమినుగా మారు పదార్థము సరిగా ఒంటబట్టదు.
4. అయొడిను కలిపిన ఉప్పునే వాడి, మూత గల డబ్బాలో ఉంచవలెను.

చేయవలసిన పని

స్నానపు నీరు పారు చోట ఒక మునగచెట్టు, రెండు బొప్పాయిలు, తోటకూర మడి పెంచుటకు వేరే ఖర్చు లేదు. జొన్నచేలో కంది సాళ్లు వేసిన ఇంటికి పప్పు దక్కును, భూమికి సత్తువ చేరును. పంటనంతయు అమ్మివేయక, ఏటికి సరిపడు పప్పును ఇంట ఉంచుకొనుట మంచిది. గ్రామాధికారులు అంగన్‌వాడీ కార్యకర్తలతో కలిసి పిల్లల తూకము నెలనెలా చూచి, తగ్గిన బిడ్డను వెంటనే ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను.

విత్తనము మంచిదని ఎంచి కొను రైతు, బిడ్డ కంచమును కూడ అంత శ్రద్ధగా చూడవలెను.