దయ్యం కథ చూసిన రాత్రి

కొంతకాలంగా తిరుపతి, చిత్తూరు, పలమనేరు వైపు సంఘాల నుంచి మాకు ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. టీవీలోనూ ఫోనులోనూ వారానికో కథ చొప్పున వచ్చే దయ్యాల సీరియళ్లను విశ్వాసుల ఇళ్లలో చూడవచ్చా, కూడదా? అవుననో కాదనో ఒక్క మాట రాసేస్తే సరిపోతుందని మొదట మేమూ అనుకున్నాం. అంతలో ఒక తల్లి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది.

ఆమె కొడుకుకు పదేళ్లు. సెలవుల్లో పెద్దమ్మ ఇంటికి వెళ్లి, అక్కడి పెద్దపిల్లలతో కలిసి ఒక దయ్యం కథ చూశాడు. ఆ రాత్రి నుంచి లైటు ఆర్పనివ్వడు, బాత్రూముకు ఒక్కడే పోడు. ప్రార్థన కూటంలో ఈ సంగతి చెబితే, పిల్లవాడికి ఏదో సోకిందన్నారు. మూడు రోజులు ఉపవాసం ప్రకటించారు. వాడిని మధ్యలో కూర్చోబెట్టి, తల మీద చేతులుంచి, వాడిలో ఉన్న ఆత్మను కేకలు వేసి గద్దించారు. "ఇప్పుడు మావాడికి రెండు భయాలు పట్టుకున్నాయండీ" అని రాశారామె. "ముందు దయ్యం వస్తాదేమో అని భయపడతా ఉన్నాడు. ఇప్పుడు అది నాలోనే ఉందా అమ్మా అని అడగతా ఉన్నాడు."

ఆ కూటంలోని వారు చెడ్డవారు కారు. పిల్లవాడి మీద ప్రేమతోనే మూడు రోజులు అన్నం మానేశారు. అయినా ఆ రెండో భయాన్ని పెట్టింది సీరియల్ కాదు, మనమే. అందుకే చూడవచ్చా కూడదా అన్నది కాసేపు పక్కన పెట్టి, ఇలాంటి కథలు చూసినవాళ్లు ఎందుకు అలా భయపడతారో, ఆ భయం ఒకరిలో ఎందుకు కరిగిపోతుందో, ఇంకొకరిలో ఎందుకు తిష్ట వేస్తుందో చూద్దాం.

మనలో యాభై దాటినవారికి 1985 నాటి ఆదివారాలు గుర్తుండే ఉంటాయి. దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ తీసిన 'విక్రమ్ ఔర్ బేతాల్' వచ్చేది. 'రామాయణ్' కంటే ముందటి సంగతి ఇది. తర్వాత అందులో రాముడైన అరుణ్ గోవిల్ ఇందులో విక్రమార్కుడు. బేతాళుడు సజ్జన్ అనే పెద్దాయన. కథలు కొత్తవి కావు. 11వ శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నవే. తెలుగు ఇళ్లకు అవి 'చందమామ' ద్వారా ఎప్పుడో చేరాయి. శంకర్ గీసిన ఆ బొమ్మ, కత్తి పట్టుకుని శవాన్ని భుజాన మోసుకుపోతున్న రాజు బొమ్మ, చూడని పిల్లలు ఆ రోజుల్లో అరుదు. ఆదివారం బడి ముగిసి ఇంటికి వచ్చాక చందమామ చేతికి దొరకడం మాకు ఒక పండుగ.

వీధికి ఒకటో రెండో టీవీలు. ఎవరికీ హిందీ సరిగ్గా రాదు. చందమామ చదివిన అక్కో అన్నో పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవారు, సగం సొంత కల్పనతో. తెల్లజుట్టు విరబోసుకున్న బేతాళుడు నవ్వుతూ చెట్టు మీదికి ఎగిరిపోతుంటే చిన్నపిల్లలు అమ్మ కొంగులో తల దూర్చేవారు. అయినా మాకు గుర్తున్నంతలో, ఆ కథల వల్ల నిద్ర చెడిన పిల్లలు తక్కువ. ఎందుకని?

గది నిండా మనుషులు ఉండడం ఒక కారణం. అసలు కారణం మాత్రం కథ నడిచే తీరులో ఉంది. బేతాళుడు ఊరికే భయపెట్టి పోడు, ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది, నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. చూసేవాళ్లకూ ఒక పని దొరికేది. ఇంటికి నడుస్తూ, ఆ ముగ్గురిలో ఎవరిది గొప్ప త్యాగం, రాజు చెప్పిన తీర్పు న్యాయమేనా అని పిల్లలు కొట్లాడుకునేవారు. ఇల్లు చేరేసరికి భయం కాస్తా వాదన అయిపోయేది.

తర్వాత కేబుల్ వచ్చింది. 1993లో రామ్సే సోదరుల 'జీ హారర్ షో', 1995లో సోనీలో 'ఆహట్'. ఇవి పెద్దల కోసం రాత్రిపూట వేసినవి. వాటిలో ప్రశ్న లేదు, కేక ఉంది. ఇప్పుడు అదే కేక ఫోనులోకి వచ్చింది. దుప్పటి ముసుగులో, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కడే చూస్తున్న పిల్లవాడికి పక్కన అక్క లేదు, వాదన లేదు, ఇంటికి నడిచే దారీ లేదు.

దయ్యం కథంటేనే క్రైస్తవులకు పనికిరాని వస్తువు అనుకునేవారికి ఇంగ్లండు సంగతి ఒకటి చెప్పాలి. 1971 నుంచి 1978 వరకు బి.బి.సి. ఏటా క్రిస్మస్ సమయంలో ఒక దయ్యం కథను చిన్న చిత్రంగా వేసేది. మొదటి ఐదేళ్లూ ఎం.ఆర్. జేమ్స్ కథలే. 1976లో చార్లెస్ డికెన్స్ కథ 'ది సిగ్నల్‌మ్యాన్' వేశారు. ఈ జేమ్స్ ఎవరో కాదు, ఒక పాదిరి కుమారుడు. కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీకి, తర్వాత ఈటన్ పాఠశాలకు అధిపతి. బైబిలులో చేరని తొలినాటి క్రైస్తవ గ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చి 1924లో ప్రచురించిన పండితుడు. మన వేదాంత కళాశాలల్లో చదివిన కాపరులకు ఆ పుస్తకం తెలిసే ఉంటుంది. ఆయనే క్రిస్మస్ ముందు రాత్రి స్నేహితులను కూర్చోబెట్టి, కొవ్వొత్తి వెలుగులో తాను రాసిన దయ్యం కథలు చదివి వినిపించేవాడు. ఆ కథల్లో భయపడేది ఎక్కువగా అత్యాశపరులు, తమది కానిదాన్ని తవ్వి తీసుకోబోయినవారు.

చూసినవారు ఆ చిత్రాలను అసహ్యించుకోలేదు. ఇంటిల్లిపాదీ కలిసి చూసే పండుగ ఆనవాయితీగా గుర్తుపెట్టుకున్నారు. 2005లో బి.బి.సి. ఆ వరుసను మళ్లీ మొదలుపెట్టింది కూడా. పుస్తకం చదివినవారు మాత్రం, కథలోనే ఎక్కువ భయం ఉందని అంటారు. ఇది ఎక్కడైనా వినబడే మాటే. పుస్తకంలో దయ్యానికి ముఖం మనమే గీసుకుంటాం, తెర మీద ఎవరో గీసి ఇస్తారు. అది మన ఊహకు సాటి రాదు. అయితే తెరకు సంగీతం ఉంది. నమ్మకం లేకపోతే, భయపెట్టే సన్నివేశంలో ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. సగం దయ్యం అక్కడే చచ్చిపోతుంది.

అదే బి.బి.సి. 1992 అక్టోబర్ 31 రాత్రి వేసిన 'గోస్ట్‌వాచ్' కథ వేరు. అది ముందే చిత్రీకరించిన నాటకం. చూపించింది మాత్రం ప్రత్యక్ష ప్రసారంలాగా. మైకేల్ పార్కిన్సన్ వంటి, జనం రోజూ నమ్మే వ్యాఖ్యాతలను కూర్చోబెట్టి, తెర మీద ఫోను నంబరు వేసి, ఒక మామూలు ఇంట్లో దయ్యాన్ని వెతుకుతున్నట్టు నడిపించారు. చాలామంది నిజమనుకున్నారు. ఫోన్లు వెల్లువెత్తాయి. 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వైద్యులు ఇద్దరు పదేళ్ల పిల్లల గురించి రాశారు. ఆ కార్యక్రమం చూశాక వారికి పీడకలలు, ఒంటరిగా ఉండలేని భయం పట్టుకుని వదల్లేదు. పెద్ద ప్రమాదాల నుంచి బయటపడ్డవారిలో కనబడే లక్షణాలవి. మనకు రాసిన తల్లి కొడుకు వయసే వాళ్లదీ.

ఒకే సంస్థ, ఒకే దేశం. తేడా ఎక్కడుంది? క్రిస్మస్ కథలు మేము కథలమని చెప్పుకున్నాయి. రెండోది నిజమని నమ్మించింది. కథ అని తెలిసి భయపడినవాడికి బయటికి రావడానికి ఒక తలుపు ఉంటుంది. నిజమని నమ్మినవాడికి ఆ తలుపు మూసుకుపోతుంది.

దీనికి ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. 1990లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న ఊళ్లు మనవి. పక్కన కర్ణాటకలో 'నాళె బా' అని రాసుకున్నారు. అది ఏ టీవీలోనూ రాలేదు. ఎవరో ఎవరికో చెప్పారు, అంతే. పేరు పెట్టి పిలుస్తుందట, పలికితే చస్తారట. బేతాళుణ్ణి చూసి హాయిగా నిద్రపోయిన పిల్లలే ఈ మాట విని నెలల తరబడి వణికారు. మన ఇళ్లలోనూ కొందరు పొరుగువారి కంటపడకుండా, సుద్దముక్కతో తలుపు వెనక వైపు రాసుకున్నారు. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకుని నవ్వుకుంటాం. ఇవాళ అదే మాట వాట్సాప్‌లో వస్తోంది. వీడియో ఏ దేశానిదో తెలియదు, కింద మాత్రం మొగిలి ఘాట్ అనో భాకరాపేట ఘాట్ అనో రాసి ఉంటుంది. సీరియల్‌ను కట్టేయమనే పెద్దలే దీన్ని సంఘం గ్రూపులో పంచుతారు.

ఇక మన వేదికల సంగతి. రాయడానికి కష్టంగా ఉన్నా దాటవేయలేం. కొన్ని కూటాల్లో సాక్ష్యం పేరుతో వినిపించేది అచ్చం హారర్ కథే. శ్మశానం, అర్ధరాత్రి, గొంతు మారిన ఆడమనిషి, పైగా కీబోర్డు సంగీతం. ముందు వరుసలో చాపల మీద చిన్నపిల్లలు. ఇది కథ అని వాళ్లకు చెప్పేవారుండరు. చెబుతున్నది దైవజనుడు కాబట్టి పార్కిన్సన్‌ను నమ్మినదానికంటే ఎక్కువ నమ్ముతారు. దురాత్మల గురించి లేఖనాలు చెప్పేదాన్ని మేము కాదనడం లేదు. ఏన్దోరులోని కర్ణపిశాచముగల స్త్రీ దగ్గరకు సౌలు రాత్రివేళ వెళ్లిన ఉదంతం ఒకటో సమూయేలులోనే ఉంది. కానీ సముద్రం మీద నడిచి వస్తున్న ప్రభువును చూసి శిష్యులు భూతమనుకుని కేకలు వేసినప్పుడు, వారికి ఏదో పట్టిందని ఆయన అనలేదు. ధైర్యం చెప్పి, తానెవరో చెప్పాడు. పునరుత్థానం తర్వాతా అదే పొరబాటు. అప్పుడు తన చేతులు, పాదాలు చూపించాడు, తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, వారి ముందే కాల్చిన చేప తిన్నాడు. భయపడినవారికి ఆయన చేసిన చికిత్స అది.

పిల్లల భయం గురించి తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అమెరికాలో గ్లెన్ స్పార్క్స్, జోన్ కాంటర్ అనే పరిశోధకులు పచ్చటి రాక్షసుడిగా మారే 'హల్క్' సీరియల్‌ను పిల్లలకు చూపించి, 1986లో ఫలితం ప్రచురించారు. బడికి పోని వయసు పిల్లలు మనిషి రాక్షసుడిగా మారాక ఎక్కువ భయపడ్డారు. ఆ రాక్షసుడు మంచివాడని వాళ్లకు ఎక్కలేదు, రూపమే ఎక్కింది. తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలు అంతకుముందే, ఆపద వస్తోందని తెలిసినప్పుడు ఎక్కువ భయపడ్డారు. అంటే నాలుగేళ్ల పిల్లకు "అది మేకప్పే" అని చెబితే పెద్దగా పని చేయదు. ఒడిలోకి తీసుకుని టీవీ ఆపేయాలి. పదేళ్లవాడికి మాటలే మందు. ఏం చూశావు, తర్వాత ఏమయింది, నువ్వయితే ఏం చేసేవాడివి అని అడగాలి. బేతాళుడు చేసిన పని ఇదే.

పెద్దలకు ఒక మాట. నిద్రలో మెలకువ వచ్చి, కాలూ చెయ్యీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించిందని హాస్టల్ పిల్లలు, రాత్రి డ్యూటీ నర్సులు తరచూ చెబుతారు. కలలు వచ్చే నిద్రలో శరీరం కండరాలను సడలించి ఉంచుతుంది. అది తొలగకముందే మెలకువ వస్తే కాసేపు కదలలేం, గదిలో ఎవరో ఉన్నట్టూ తోస్తుంది. దీన్ని నిద్రా పక్షవాతం అంటారు. సరిగ్గా నిద్రలేనివారికి ఎక్కువ. సాధారణంగా నిమిషం రెండు నిమిషాల్లో పోతుంది. దీనికి భూతవైద్యం అక్కరలేదు.

పిల్లవాడి భయం వారాల తరబడి తగ్గకపోతే, బడికి పోనంటే, తిండి మానేస్తే ప్రార్థన చేయండి, డాక్టరుకూ చూపించండి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది. చిత్తూరు వారికి వెల్లూరు సి.ఎం.సి. దగ్గరే, అక్కడ పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. కదలలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఆ తల్లికి ఇందులో చాలావరకు జాబులో రాశాం. ఆమె ఆ జాబును తమ పాస్టర్ గారికి చూపించారట. ఆయనకు కోపం వస్తుందేమోనని భయపడ్డామని రాశారు. నాలుగు రోజుల తర్వాత ఒక సాయంత్రం ఆయన ఒక్కరే ఇంటికి వచ్చారు. పిల్లవాడి పక్కన మంచం మీద కూర్చుని, "నీలో ఏమీ లేదు నాయనా, నేనే తొందరపడినాను" అన్నారు. తర్వాత ఆ కథ ఏమిటో చెప్పమని అడిగారు. వాడు అరగంట చెప్పాడు. మధ్యలో ఒకచోట కథ తప్పుగా ఉందని, బావిలో అన్నేళ్లు ఉన్న మనిషి జుట్టు అంత నల్లగా ఎలా ఉంటుందని వాడే ఆయన్ని అడిగాడట. ఇప్పుడు బాత్రూముకు ఒక్కడే పోతున్నాడు. లైటు మాత్రం ఇంకా ఆర్పనివ్వడం లేదు.