గార్డెన్ టిప్స్: ఇంటి ముందు చెట్టు నీడలో మొక్కలు బతకట్లేదా? సిమెంట్ చేయించే ముందు ఇవి తెలుసుకోండి

ఇంటి ముందు పెద్ద వేప చెట్టు. మండు వేసవిలోనూ చల్లటి నీడ. కానీ దాని కింద ఏ మొక్క పెట్టినా నెల తిరక్కుండానే వాడిపోతుంది. అనకాపల్లి జిల్లా పరవాడలోనూ, విశాఖ శివారు కాలనీల్లోనూ పాత చెట్లున్న ఇళ్లలో ఇది మామూలుగా కనిపించే సమస్యే. విసుగొచ్చి కొందరు చెట్టు మొదలు దాకా సిమెంట్ చేయించేస్తారు. ఇంకొందరు ట్రాక్టర్ మట్టి తోలించి, చుట్టూ ఇటుకలతో అరుగు కట్టించేస్తారు. ఈ రెండూ చెట్టుకు ప్రమాదమే. మరి ఏం చేయాలి?

నీడ ఒక్కటే కారణం కాదు

పెద్ద చెట్టుకు నీళ్లు, పోషకాలు అందించే సన్న వేర్లు ఎక్కువగా నేల పైభాగంలోనే, అడుగు, అడుగున్నర లోతులో ఉంటాయి. కొమ్మలు పరుచుకున్నంత మేర, ఆ పైన కూడా విస్తరిస్తాయి. చిన్నపాటి వాన పడితే చాలా వరకు ఆకుల మీదే ఆగిపోతుంది. కింద పడిన కాస్త నీటినీ వేర్లు లాగేసుకుంటాయి. గులాబీ, బంతి, చామంతి లాంటి వాటికి రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. ఇక్కడ వాటికి ఎండా ఉండదు, తడీ ఉండదు.

మట్టి ఎందుకు పోయకూడదంటే..

వేర్లకూ గాలి కావాలి. మీద అడుగు మందాన కొత్త మట్టి పోస్తే ఆ గాలి తగ్గిపోతుంది. తడి మట్టి ఆనుకుని ఉండే మొదలు బెరడు కుళ్లే ప్రమాదమూ ఉంది. చెట్టు వెంటనే ఎండిపోదు. కొన్నేళ్లకు కొమ్మలు ఒక్కొక్కటిగా ఎండుతుంటే అసలు కారణం ఎవరికీ గుర్తుండదు. సిమెంట్‌తోనూ ఇదే ఇబ్బంది. అందుకే ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీట్ తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013 ఏప్రిల్‌లో ఆదేశించింది.

లావు వేర్లను నరకడం మరీ ప్రమాదం. చెట్టును నిలబెట్టేవి అవే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంటి పక్కనున్న చెట్టుకు పట్టు తగ్గించుకోవడం అంటే కోరి ముప్పు తెచ్చుకోవడమే.

ఇలా చేయండి

* ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు ఎండ ఎక్కడ పడుతోందో చూడండి. కాస్త ఎండ తగిలే అంచుల్లో పసుపు, అల్లం, వామాకు వేసుకోవచ్చు.
* పూర్తి నీడలో స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, సింగోనియం, ఫెర్న్ బాగుంటాయి. ఫెర్న్‌కు మాత్రం తడి ఆరకూడదు. జీజీ, సింగోనియం ఆకులు నమిలితే నోరు మండుతుంది. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే వాటిని దూరంగా ఉంచండి.
* చెట్టు మొదలు చుట్టూ కనీసం మీటరు ఖాళీ వదలండి. పలుగు వాడొద్దు. చిన్న బొరిగతో వేర్ల మధ్య గుంత తీసి, చిన్న మొక్కలే నాటండి. లావు వేరు అడ్డొస్తే పక్కకు జరగండి.
* మట్టికి బదులు రెండంగుళాల మందాన కంపోస్ట్ చాలు. రాలిన ఆకుల్ని తగలబెట్టకుండా దాని మీదే పరిస్తే తడి నిలుస్తుంది. మొదలుకు మాత్రం తగలనివ్వొద్దు.
* వేర్లు మరీ దట్టంగా ఉన్నచోట కుండీలే మేలు. కింద పళ్లేల్లో నీళ్లు నిలిస్తే దోమలు చేరతాయి, జాగ్రత్త.

ఎప్పుడు నాటాలి?

నైరుతి వానలు కుదురుకున్నాక, జూన్ చివర్లో గానీ జులైలో గానీ మొదలుపెడితే మంచిది. వాన పడని రోజుల్లో మట్టిని వేలితో తాకి చూసి నీళ్లు పోయాలి. మొదటి రెండు నెలలు ఈ జాగ్రత్త తప్పనిసరి. తొలి ఏడాది అక్కడక్కడా ఖాళీగా కనిపించినా కంగారు పడొద్దు. నీడ మొక్కలు నెమ్మదిగానే పెరుగుతాయి. పోయిన మొక్క స్థానంలో ఇంకోటి పెట్టుకోవచ్చు. చెట్టు పోతే మాత్రం మళ్లీ అంత నీడ రావడానికి ఏళ్లు పడుతుంది.