ఇండీ పాట నచ్చిందా? ఫైల్ కాదు, లింక్ పంపండి... ఎందుకంటే

ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు. ఫోన్‌లో మనందరం రోజూ చేసే ఒక చిన్న పని గురించి మాట్లాడుకుందాం. నచ్చిన పాటని నలుగురికీ పంపడం. ఇందులో ఏముంది అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. ఆ పని తప్పుగా చేసి మా సొంత బావమరిదికే నష్టం చేశాను.

అసలేం జరిగిందంటే

మాది రేపల్లె. పని తెనాలిలో. రోజూ బ్రాంచ్ లైను రైల్లో పోయి రావడమే. మా మేనమామ కొడుకు బాపట్లలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. హాస్టల్ గదిలో దుప్పట్లు అడ్డం కట్టి, బ్యాండ్‌ల్యాబ్ యాప్‌లో ఒక పాట రికార్డ్ చేశాడు. మధ్యలో వచ్చే అలల చప్పుడు సూర్యలంక బీచ్‌లో ఫోన్‌తోనే పట్టుకొచ్చాడు. డిస్ట్రిబ్యూటర్‌కి డబ్బు కట్టి పాటని అన్ని యాప్స్‌లోకి ఎక్కించాడు కూడా.

నాకు ముందుగా ఎంపీ3 పంపాడు. విన్నాను, భలే నచ్చింది. వెంటనే వాట్సాప్‌లో ఫ్యామిలీ గ్రూప్, స్కూల్ గ్రూప్, ట్రైన్ ఫ్రెండ్స్ గ్రూప్, అన్నింట్లో ఆ ఫైలే పెట్టేశా. అది చేతులు మారి ఎక్కడెక్కడికో పోయింది. రెండు నెలల తర్వాత రేపల్లె స్టేషన్ బయట ఆటో ఎక్కితే అందులో అదే పాట! ఒళ్ళు పులకరించింది. "ఈ పాట ఎవరిదన్నా?" అని అడిగితే, "ఏమోనండి, ఎవరో గ్రూపులో పెట్టారు, పేరు తెలీదు. బాగుంది కదా అని ఉంచా" అన్నాడు.

ఆనందం పట్టలేక బావమరిదికి ఫోన్ చేశా. వాడు ఒక్క నిమిషం ఆగి అన్నాడు. "బావా, ఆటోలో మోగుతుందంటున్నావ్. స్పాటిఫైలో చూస్తే ఇంకా మూడొందలు దాటలేదు. కాలేజీలో అందరూ ఎవరూ వినలేదనే అనుకుంటున్నారు. ఇంకో పాట ఎందుకులే అనిపిస్తంది."

అప్పుడు అర్థమైంది, ఆ మూడొందల్లో నేను పంపినవాళ్ళు ఒక్కరు కూడా లేరని.

ఫైల్ పంపితే పోయేవి ఏంటి?

మొదట పోయేది పేరు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ ఆడియోగా వచ్చిన ఫైల్ పేరు మారిపోతుంది. ఏయూడీ, తర్వాత తేదీ, చివర డబ్ల్యూఏ0007 లాంటి ఒక నంబరు. పాట పేరు, పాడినవాళ్ళ పేరు ఎంపీ3 లోపల ఐడీ3 ట్యాగ్స్‌లో ఉంటే ప్లేయర్ చూపిస్తుంది. కానీ ఇంట్లో రికార్డ్ చేసినవాళ్ళు చాలామంది ఆ ట్యాగ్స్ నింపరు. మావాడూ నింపలేదు. ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపితే పేరు మారదు, కానీ అలా పంపేది ఎవరు?

రెండోది లెక్క. డిస్ట్రిబ్యూటర్ ద్వారా యాప్స్‌లోకి వెళ్ళే ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ ఉంటుంది. పాటకి ఆధార్ నంబర్ లాంటిదన్నమాట. యాప్‌లో విన్న ప్రతిసారీ ఆ రికార్డింగ్ ఖాతాలో లెక్క పడుతుంది. ఫోన్‌లో ఫైల్ వెయ్యిసార్లు మోగినా ఆ ఖాతాకి తెలీదు.

1,000 దాటితేనే డబ్బు

ఇండీ ఆర్టిస్టులకి అసలు దెబ్బ ఇక్కడే. 2024 నుంచి స్పాటిఫైలో ఒక రూల్ ఉంది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్స్ వచ్చిన పాటకే రికార్డింగ్ రాయల్టీ లెక్కిస్తారు. 999 దగ్గర ఆగితే సున్నా. 30 సెకన్లు, ఆపైన వింటేనే ఒక స్ట్రీమ్.

వెయ్యి స్ట్రీమ్స్‌కి వచ్చే డబ్బుతో ఎవరూ ఇల్లు కట్టరు, నిజమే. కానీ ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఆ అంకె అంటే డబ్బు ఒక్కటే కాదు. ఇంకో పాట చెయ్యాలా వద్దా అనే ప్రశ్నకి అది ఒక జవాబు.

ఇది తెలిసాక మా ట్రైన్ ఫ్రెండ్ ఒకడు ఐడియా ఇచ్చాడు: "ఐదు ఫోన్లలో రాత్రంతా మ్యూట్‌లో లూప్ పెట్టేద్దాం." దయచేసి ఆ పని చెయ్యకండి. దాన్ని ఆర్టిఫిషియల్ స్ట్రీమింగ్ అంటారు. పట్టుకుంటే ఆ స్ట్రీమ్స్ తీసేస్తారు. మోసం మరీ ఎక్కువగా ఉంటే స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్‌కి ఫైన్ కూడా వేస్తుంది. చివరికి నష్టపోయేది పాట పెట్టినవాడే.

కొత్త పాటని యాప్ ఎలా పట్టుకుంటుంది?

రికమండేషన్స్ వెనక ఉన్న ముఖ్యమైన పద్ధతి కొలాబొరేటివ్ ఫిల్టరింగ్. పేరు పెద్దదే కానీ విషయం సింపుల్. మీకూ నాకూ ఓ ఇరవై పాటలు కామన్‌గా నచ్చాయనుకోండి, నాకు నచ్చిన ఇరవై ఒకటోది మీకూ చూపిస్తుంది. మరి ఎవరూ వినని పాట సంగతి? పోల్చడానికి డేటానే ఉండదు. దీన్నే కోల్డ్ స్టార్ట్ ప్రాబ్లమ్ అంటారు.

సినిమా పాటకి ఈ బాధ లేదు. హీరో పేరు, టీజర్, ఆడియో కంపెనీ ఛానెల్ కలిసి తోసేస్తాయి. ఇండీ పాటకి తోసేది మనలాంటి వాళ్ళమే. పూర్తిగా వినడం, సేవ్ చెయ్యడం, సొంత ప్లేలిస్ట్‌లో వేసుకోవడం, ఇవన్నీ యాప్‌కి సిగ్నల్సే.

హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా పాటలు నాకు చేరింది ఇలా నోటి మాటగానే. ఆ బ్యాండ్ రామ్ మిరియాలే తర్వాత జాతిరత్నాలు (2021)లో 'చిట్టి' పాడాడు, డీజే టిల్లు (2022) టైటిల్ సాంగ్ చేశాడు. బయట చూస్తే, ప్రతీక్ కుహాడ్ 'కోల్డ్ మెస్' పాట ఒబామా 2019 ఫేవరెట్స్ లిస్టులో కనిపించింది. అది కూడా ఒక మనిషి తనకి నచ్చిన పాట పేరు చెప్పడమే కదా! మన గ్రూప్‌లో నలభై మందే ఉండొచ్చు, పని మాత్రం అదే.

లింక్‌తో పాటు మీ రోజులోంచి ఒక్క మాట

సరే, లింక్ పంపాం. ఎవరైనా నొక్కుతారా? "సూపర్ సాంగ్, మస్ట్‌గా వినండి" అని పెడితే నొక్కరు. నేనే నొక్కను.

మా నాన్న ఓ మాట చెప్పేవారు. ఆకాశవాణి వివిధ భారతిలో జనరంజని వస్తుంటే, పాట కంటే ముందు చదివే పేర్ల కోసం చెవులు రిక్కించేవారట. ఫలానా ఊరి నుంచి ఫలానావాళ్ళు కోరిన పాట అనగానే, తెలిసిన పేరు ఒక్కటి వినిపించినా ఆ పాట మనది అయిపోయేది. పాటకి మనిషి తోడుంటేనే అది చెవిలోకి వెళ్తుంది.

అందుకే మావాడి పాట రెండోసారి ఇలా పంపా: "నిన్న రైలు వేమూరులో ఆగిపోయింది. వాన. ఛార్జింగ్ 9 పర్సెంట్. ఈ పాట మూడుసార్లు విన్నా. 1:40 దగ్గర అలల చప్పుడు వస్తుంది, అక్కడిదాకా వినండి." కింద లింక్. ఈసారి గ్రూప్‌లో రిప్లైలు వచ్చాయి. ఒకరు "అది సూర్యలంకేనా?" అని అడిగారు. మా అత్తయ్య అయితే ఏకంగా "1:40 దాకా ఎందుకాగాలిరా, మొదటినుంచీ బానే ఉందిగా" అని పెట్టింది.

టైమ్ చెప్పడం చాలా పని చేస్తుంది. ఎక్కడ ఏం వస్తుందో చెప్తే అక్కడిదాకా వింటారు, ఈలోపు 30 సెకన్లు దాటిపోతుంది. ఒక జాగ్రత్త: మీ రోజు చెప్పండి కానీ, ఏ టైమ్‌కి ఎక్కడ ఒంటరిగా ఉంటారో పబ్లిక్ పోస్టుల్లో చెప్పకండి.

రైల్లో వినేవాళ్ళకి డేటా లెక్క

పొలాల మధ్య రైలు వెళ్తుంటే సిగ్నల్ ఒక గీతకి పడిపోతుంది. అందుకే లింక్ కన్నా ఫైలే నయం అంటారు చాలామంది. స్పాటిఫై క్వాలిటీ లెవెల్స్‌తో నాలుగు నిమిషాల పాట సైజు చూడండి:

- లో, 24 కేబీపీఎస్: సుమారు 0.7 ఎంబీ
- నార్మల్, 96 కేబీపీఎస్: సుమారు 2.9 ఎంబీ
- హై, 160 కేబీపీఎస్: సుమారు 4.8 ఎంబీ
- వెరీ హై, 320 కేబీపీఎస్: సుమారు 9.6 ఎంబీ

మీ ప్రీమియం ప్లాన్‌లో డౌన్‌లోడ్ సౌకర్యం ఉంటే ఇంటి వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి. ఆఫ్‌లైన్‌లో విన్నవి ఫోన్ మళ్ళీ నెట్‌కి కనెక్ట్ అయ్యాక లెక్కలోకి వస్తాయి. కనీసం 30 రోజులకోసారి ఆన్‌లైన్‌కి రావాలి, అంతే. ఆ సౌకర్యం లేకపోతే నార్మల్ క్వాలిటీలో పెట్టుకోండి. రైలు చప్పుడులో 96కీ 320కీ తేడా పట్టుకోగలిగితే మీకో దండం.

అభిప్రాయం చెప్పేముందు దేంట్లో విన్నారో చూసుకోండి

పాట గురించి నిజం చెప్పడం కూడా సాయమే. కానీ ఫోన్ స్పీకర్‌లో విని "బేస్ లేదు" అనకండి. అంత చిన్న స్పీకర్ లోతైన బేస్‌ని సరిగ్గా పలికించలేదు. జనం కిక్కిరిసిన పెట్టెలో బ్లూటూత్ తడబడితే అది పాట తప్పు కాదు. ఎల్‌డాక్ కోడెక్ 990 కేబీపీఎస్ మోడ్‌లో ఉంటే 330కి తగ్గించి చూడండి.

నేను మావాడి పాటని వైర్ ఇయర్‌ఫోన్స్‌లో, బ్లూటూత్‌లో, ఫోన్ స్పీకర్‌లో విని, "రెండో చరణంలో గొంతు గిటార్ కిందకి పోయిందిరా" అని విడిగా ఫోన్‌లో చెప్పా. మొహం మాడ్చుకున్నాడు. వారం తర్వాత కొత్త మిక్స్ పంపాడు. పొగడ్త గ్రూప్‌లో, లోపం ఫోన్‌లో. నా పద్ధతి ఇది.

యాప్ మూతపడితే?

రెస్సో ఇండియాలో 2024 జనవరి 31న ఆగిపోయింది. వింక్ మ్యూజిక్‌ని మూసేస్తున్నట్టు అదే ఏడాది ఎయిర్‌టెల్ ప్రకటించింది. యాప్ పోతే లింక్ కూడా పోతుంది. కాబట్టి లింక్ పక్కన పాట పేరు, ఆర్టిస్ట్ పేరు అక్షరాల్లో రాయండి. అవతలివాళ్ళది వేరే యాప్ అయితే సాంగ్‌లింక్ లాంటి సర్వీస్‌తో అన్ని యాప్స్‌కీ కలిపి ఒకే లింక్ తయారు చెయ్యొచ్చు.

ఇక పేరు పోయిన పాట చేతికొస్తే షాజామ్ పెట్టండి. అది పాటలోని బలమైన శబ్దాల గుర్తులతో వేలిముద్ర లాంటిది తయారు చేసి డేటాబేస్‌తో పోలుస్తుంది. ఫైల్ పేరుతో దానికి పని లేదు. డిస్ట్రిబ్యూటర్ పాటని అక్కడికి చేర్చి ఉంటే చాలు.

మొన్న అదే ఆటో మళ్ళీ దొరికింది. షాజామ్ పెట్టి చూపించా. మావాడి పేరు స్క్రీన్ మీద రాగానే, "ఓ, మన బాపట్ల కుర్రోడేనా!" అని తన ఫోన్‌లో సేవ్ చేసుకున్నాడు. నిన్నటికి లెక్క 870. మావాడు రెండో పాటకి దుప్పట్లు కట్టాడంట.

మీ దగ్గర కూడా పేరు తెలియని ఫైల్ ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రికి దాని పేరు కనుక్కోండి. రేపు లింక్ పంపండి, మీ రోజులోంచి ఒక్క మాట జత చేసి.